ఎర్రమూత సిరంజి, వంద సీసా

ఈ వారం ఉత్తరం కర్నూలు నుంచి వచ్చింది. రాసిన అమ్మాయి అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. వయసు ఇరవై ఆరు, జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా చదివింది, పత్తికొండ వైపు పల్లె. తండ్రి లేడు. తమ్ముడి చదువు, అమ్మ మందులు ఈమె జీతం మీదే నడుస్తున్నాయి. గుర్తుపట్టే వివరాలు మార్చి సంగతి క్లుప్తంగా చెబుతాను.

ఇరవై రోజుల కిందటి మాట. ఆమెకు వరసగా రెండో నైట్ డ్యూటీ. రావాల్సిన ఇంకో సిస్టర్ రాలేదు. వార్డులో ఇరవై రెండు మంది, ఈమె ఒక్కతే. ఆలూరు వైపు నుంచి కాలి పుండుతో చేరిన అరవై ఏడేళ్ల రైతుకు రాత్రి భోజనానికి ముందు పదహారు యూనిట్ల ఇన్సులిన్ రాసి ఉంది. కింద మెడికల్ షాపులో ఎప్పుడూ దొరికే 40 సీసా (మిల్లీలీటరుకు నలభై యూనిట్లుండేది) అయిపోయిందని, కొడుకు బయట నుంచి 100 సీసా (మిల్లీలీటరుకు వంద యూనిట్లుండేది) తెచ్చాడు. ట్రేలో ఉన్నవి 40 సీసాకు సరిపోయే ఎర్రమూత సిరంజిలు. పదహారో గీత దాకా లాగి వేసింది. రాత్రి రెండున్నరకు మంచం పక్కన కింద పడుకున్న కోడలు లేచి చూస్తే మామ బనీను తడిసి ముద్దయింది, పిలిస్తే పలకడం లేదు. షుగరు 38. డ్యూటీ డాక్టరు పరుగున వచ్చి 25 శాతం గ్లూకోజు ఎక్కిస్తే కాసేపటికి కళ్లు తెరిచాడు. తెల్లారేదాకా డ్రిప్పు, గంటకోసారి షుగరు పరీక్ష.

ఆ మధ్యలోనే సీసాను వెలుతురులో పెట్టి చూసుకుంది, 100 అని ఉంది. వెంటనే మేట్రన్‌కూ డ్యూటీ డాక్టరుకూ చెప్పింది. "మనిషి లేచి కూర్చున్నాడు కదా, ఇంక గోల దేనికి? రాత్రి సరిగా తినలేదని రాయి" అన్నారు. రాసింది. సంతకం పెట్టింది. పొద్దున రౌండ్స్‌కు వచ్చిన ఫిజీషియన్ ఆ నోటు చదివి డోసు ఎనిమిదికి తగ్గించాడు. తర్వాతి మూడు రోజులు కింది షాపు నుంచి 40 సీసా వచ్చింది. ఎనిమిది యూనిట్ల మీద షుగరు 250 దాటుతూనే ఉంది, "పుండుంది కాబట్టి అంతేలే" అనుకున్నారు. డిశ్చార్జి అయ్యేటప్పుడు మిగిలిన 100 సీసాను కూడా వాళ్లు సంచిలో వేసుకుని పోయారు. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తాడట. వెళ్తూ వెళ్తూ కోడలు "ఆ రాత్రి మీరు లేకుంటే మా మామ దక్కేటోడు కాదక్కా" అని బుడ్డల (వేరుశనక్కాయల) సంచి ఒకటి ఈమె చేతిలో పెట్టింది.

పోయిన వారం కొత్తగా చేరిన జూనియర్ ఇంకో పేషెంటుకు సరిగ్గా అదే పని చేయబోయింది. చెయ్యి పట్టుకుని ఆపింది. "ఎందుకక్కా?" అని ఆ పిల్ల అడిగితే పూర్తిగా చెప్పలేకపోయింది. ఆసుపత్రిలో తప్పు బయటపడితే జీతంలో ఐదు వందలు కోత. రెండేళ్ల బాండు ఉంది, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఉన్నాయి.

"ఆ ఇంటికి పోయి కాళ్లు పట్టుకుని చెప్పాలా? పైవాళ్ల మీద కంప్లయింట్ రాయాలా? మానేసి హైదరాబాదు పోవాలా? అందరూ అన్నట్టు నోరు మూసుకోవాలా? నిద్ర పట్టడం లేదు. ఆ బుడ్డలు నా గదిలోనే ఉన్నాయి. తినలేను, పారేయలేను" అని ఉత్తరం ముగించింది.

*

తల్లీ, నువ్వు అనే రాస్తున్నాను. నీ వయసు పిల్లలకు ఏళ్ల తరబడి నర్సింగ్ పాఠాలు చెప్పినదాన్ని, మీరు అంటే నాకే ఎబ్బెట్టుగా ఉంటుంది.

మూడు పేజీల ఉత్తరంలో ఎక్కువ భాగం నీ తప్పు గురించి రాశావు. నేను మాత్రం రెండు వాక్యాల దగ్గర ఆగిపోయాను. డోసు ఎనిమిదికి తగ్గించారన్నావు. 100 సీసా ఇంటికి తీసుకెళ్లారన్నావు. ఇవి నీకు జరిగిపోయిన కథలో చివరి ముక్కల్లా కనిపించాయేమో. నాకు మాత్రం ఆ కథ ఇంకా నడుస్తూనే ఉందనిపించింది.

ఒక్కసారి లెక్క వేద్దాం. ఎర్రమూత సిరంజి 40 సీసా కోసం చేసింది. అందులో నలభై గీతలకు ఒక మిల్లీలీటరు. పదహారో గీత అంటే 0.4 మిల్లీలీటరు. వంద సీసాలో మిల్లీలీటరుకు వంద యూనిట్లు ఉంటాయి కాబట్టి ఆ రాత్రి ఆయన ఒంట్లోకి వెళ్లింది నలభై యూనిట్లు, రాసినదానికి రెండున్నర రెట్లు. ఇదంతా నీకు తెలుసు. ఇప్పుడు అదే లెక్క ఆయన ఇంట్లో వెయ్యి. ఆర్‌ఎంపీ దగ్గర ఉండేవీ ఎర్రమూతలే అయితే, ఆ వంద సీసాలోంచి "ఎనిమిది" లాగితే పడేది ఇరవై. కూలికి పోయిన రోజో, ఒక్కపొద్దు ఉన్న రోజో ఆయన మళ్లీ 38కి జారవచ్చు, ఈసారి పక్కన గ్లూకోజు బాటిల్ ఉండదు. ఆ సీసా అయిపోయి 40 సీసా కొన్నారనుకో, అదే గీతకు నిజంగా ఎనిమిదే పడుతుంది. అప్పుడు షుగరు పైకి పోతుంది, కాలి పుండు మానదు. సిరంజి మారలేదు, గీత మారలేదు, వేసే మనిషీ మారలేదు, మందు మాత్రం రెండు రకాలుగా పడుతుంది. ఏదో ఒకరోజు "ఈ షుగరు అదుపులోకి రావడంలేదు" అని ఇంకో డాక్టరు ఇంకో మందు కలుపుతాడు.

"రాత్రి సరిగా తినలేదు" అని నువ్వు రాసిన ఆ ఒక్క ముక్క ఈ ఇరవై రోజులూ ఆయనకు వైద్యం చేస్తూనే ఉంది. ఫిజీషియన్ తప్పేమీ చేయలేదు. పదహారు యూనిట్లకే మనిషి పడిపోయాడని చదివితే ఎవరైనా తగ్గిస్తారు.

అందుకే నువ్వడిగిన నాలుగు ప్రశ్నలకంటే ముందు ఒక పని ఉంది. ఇందులో నీకు ఎంపిక లేదు. ఈ జవాబు చదివిన రోజే ఆ ఇంటికి ఫోను వెళ్లాలి. రిజిస్టర్‌లో నంబరు ఉంటుంది. సీసా మీద 40 అని ఉందా 100 అని ఉందా, సూది మూత ఎరుపా, వంద సీసాకు వాడే నారింజా, ఈ మధ్య పెద్దాయనకు చెమటలు, వణుకు, మాట తడబడటం వచ్చాయా, ఇవి కనుక్కో. వంద సీసా, ఎర్రమూత అని తేలితే ఆ జతతో ఇంకో సూది వేయవద్దని చెప్పి, సీసా, సిరంజి, చీటీ మూడూ పట్టుకుని వెంటనే ఫిజీషియన్ దగ్గరికి రమ్మను. డోసు ఎంతో నువ్వు ఫోన్లో చెప్పకు, అది ఆయన తేల్చాలి. మనిషి మెలకువలో ఉండి షుగరు 70 కంటే కిందుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలని, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి చేయాలని కోడలికి చెప్పు. ఆ రాత్రి ఆయన్ను కాపాడింది ఆమే. కానీ ఇన్సులిన్ వేసుకునే మనిషికి రాత్రిపూట చెమట పడితే ఏం చూడాలో ఆమెకు ఆసుపత్రిలో ఎవరూ చెప్పి ఉండరు. మన దగ్గర పేషెంటు పక్కన ఇరవై నాలుగు గంటలూ ఉండేది తోడుగా వచ్చిన ఇంటి మనిషే అయినా, ఏం గమనించాలో చెప్పకుండానే ఇంటికి పంపేస్తాం.

దీనికి నీ తప్పు ఒప్పుకోవాల్సిన అవసరం కూడా లేదు. "ఇన్సులిన్ విషయంలో అందరికీ చెబుతున్నాం" అన్నా సరిపోతుంది. అది సగం నిజమే. మిగతా సగం తర్వాత చూద్దాం, ముందు సూది ఆగాలి.

ఆ ఫోను చేశావనుకుని, ఇప్పుడు నీ సంగతికి వస్తాను.

"నేను చంపబోయిన మనిషి" అని ఒకచోట రాశావు. నిన్ను ఓదార్చడానికి "నీ తప్పేం లేదు" అంటే అది అబద్ధం. సీసా మీద అంకె చదవాల్సింది నువ్వు, చదవలేదు. కానీ ఆ అంకె నీ చేతికి వచ్చేలోపు ఎన్ని చేతులు దాటిందో చూడు. షాపులో 40 అయిపోయింది. బయట షాపువాడు "ఇదీ ఇన్సులినే" అని 100 ఇచ్చాడు, సిరంజి మాట ఎత్తలేదు. బయటి నుంచి తెచ్చిన మందును ఆసుపత్రిలో ఎవరూ సరిచూసుకోలేదు. ట్రేలో నారింజమూత సిరంజి ఒక్కటీ లేదు, ఉంటే కనీసం ఒక క్షణం ఆగేదానివి. రెండో సిస్టర్ రాలేదు. వరసగా రెండో రాత్రి. ఇన్సులిన్‌ను ఇద్దరు చూసి వేయాలన్న నియమం పుస్తకంలోనే ఉండిపోయింది. జేమ్స్ రీజన్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త ఇలాంటివాటిని చిల్లులున్న చీజ్ పలకలతో పోల్చాడు. మనకు జల్లెడలు బాగా తెలుసు. పది జల్లెడలు ఒకదాని కింద ఒకటి పెడితే ఏదో ఒకదాంట్లో రాయి ఆగుతుంది. చిల్లులన్నీ ఒకే వరసలో పడిన రోజు రాయి నేరుగా కిందికి వస్తుంది. ఆ రాత్రి ఆఖరి జల్లెడవు నువ్వు. మొత్తం పాపం ఆఖరి జల్లెడదే అని తేల్చడం మేనేజిమెంట్లకు మహా సౌకర్యంగా ఉంటుంది.

ఇది నీ ఒక్కదాని కథ కూడా కాదు. వైద్యంలో జరిగే పొరపాట్ల వల్ల తమ ఆసుపత్రుల్లో ఏడాదికి 44,000 నుంచి 98,000 మంది చనిపోతున్నారని 1999లో అమెరికాలో ఒక నివేదిక అంచనా వేసింది. ఆ అంకెల మీద ఇప్పటికీ తగాదా ఉంది. కానీ ఆ నివేదిక తేల్చిన అసలు సంగతిని ఎవరూ కాదనలేకపోయారు: ఎక్కువ తప్పులు చేసేది చెడ్డ మనుషులు కాదు, చెడ్డ ఏర్పాట్ల మధ్య పనిచేసే మామూలు మనుషులు.

నా సంగతీ చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక పెద్ద ఆసుపత్రి ఆడవాళ్ల వార్డు. అక్కడ ఇద్దరు ఉరుకుందమ్మలు. మన జిల్లాలో ఈ పేరు ఎంత మందికి ఉంటుందో నీకు తెలియంది కాదు. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటే చాలు, పుట్టేది ఉరుకుందో ఉరుకుందమ్మో. సాయంత్రం ఇంజెక్షన్ పట్టుకుని వెళ్లి "ఉరుకుందమ్మా?" అన్నాను. "ఆఁ" అంది. వేశాను. వేయాల్సింది మూడు మంచాల అవతల ఉన్న ఉరుకుందమ్మకు. నా అదృష్టం, ఆ మందు ఆమెకేమీ చేయలేదు. నేను ఎవరికీ చెప్పలేదు. అప్పుడు నాకు తోచింది ఒక్కటే: దొరక్కపోతే చాలు. నెల తిరక్కముందే అదే వార్డులో ఇంకో సిస్టర్ అదే ఇద్దరి మధ్య రక్తం శాంపిళ్లు తారుమారు చేసింది. నేను ఆ రోజు నోరు విప్పి ఉంటే మంచాల మీద ఇంటిపేరు, భర్త పేరు రాసి పెట్టేవాళ్లం. ఆ తర్వాత నా విద్యార్థులకు ఒకే ఒక్క మాట పట్టుబట్టి నేర్పాను. "నువ్వు ఉరుకుందమ్మవేనా?" అని అడగొద్దు, "నీ పేరేందమ్మా, ఇంటాయన పేరేంది?" అని అడగండి. భయంతో, జ్వరంతో, సగం వినబడక ఉన్న ముసలివాళ్లు డ్రెస్సులో ఉన్నవాళ్లు ఏమడిగినా ఆఁ అంటారు. సరిహద్దు అవతల నుంచి వచ్చిన కన్నడం పేషెంట్లయితే చెప్పనే అక్కర్లేదు.

ఇక నీ ప్రశ్నలు.

నోరు మూసుకుంటే ఏమవుతుంది? నీకు బహుశా ఏమీ కాదు. ఆ కుటుంబానికి అనుమానం లేదు, మేట్రన్ మర్చిపోయి ఉంటుంది. కానీ ఆ ట్రే అక్కడే ఉంది. పోయిన వారం జూనియర్ చెయ్యి నువ్వు పట్టుకున్నావు. నీ ఆఫ్ రోజున ఎవరు పట్టుకుంటారు? ఐదు వందల కోత వల్ల తప్పులు తగ్గవు, తప్పుల గురించి రాసే కాగితాలు తగ్గుతాయి. పైన కూర్చున్నవాళ్లు ఆ ఖాళీ రిజిస్టర్ చూసి తమ ఆసుపత్రిలో తప్పులే జరగవని నిజంగా నమ్ముతారు.

మానేసి హైదరాబాదు పోతే? నిన్ను ఆపను. బాండు, సర్టిఫికెట్ల సంగతి మాత్రం భయంతో వదిలేయకు. కర్నూలు జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. 15100కి ఫోను చేసినా దారి చెబుతారు. ఆ మాటకొస్తే, మానేసినా మానేయకపోయినా ఏదైనా కాగితం రాసేముందు ఒకసారి అక్కడికి వెళ్లడం మంచిది. పోతే, ఊరు మారితే నిద్ర పడుతుందని మాత్రం అనుకోకు. ఏ ఊళ్లోనైనా ఎర్రమూతలే ఉంటాయి.

మూడోది, లోపల రాతపూర్వకంగా చెప్పడం. నీ ఆసుపత్రికి ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉంటే లేదా దానికి అప్లై చేసి ఉంటే, మందుల పొరపాట్లను రికార్డు చేసే పద్ధతి వాళ్లకు తప్పనిసరి. ఆ ఫైలు ఎక్కడో ఉండే ఉంటుంది, ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే బయటికి వస్తుంది. కేంద్ర ఆరోగ్యశాఖ 2018 నుంచి 2025 వరకు రోగి భద్రత కోసం ఒక జాతీయ ప్రణాళిక కూడా పెట్టుకుంది. ఈ పేర్లు నీకు ఆయుధాలుగా కాదు, మాట మొదలుపెట్టడానికి పనికొస్తాయి. అయితే రాసే తీరులో తేడా ఉంది. "మేట్రన్ గారు అబద్ధం రాయించారు" అని మొదలుపెడితే అది మీ ఇద్దరి కొట్లాట అవుతుంది, కొట్లాటలో గెలిచేది నువ్వు కాదు. తేదీ, టైము, ఏ సీసా, ఏ సిరంజి, ఎంత లాగావు, షుగరు ఎంత, ఎప్పుడు గుర్తించావు, ఎవరికి చెప్పావు, తర్వాతి వారం ఇంకోసారి జరగబోయింది, ఇంతే రాయి. విశేషణాలు వద్దు. చివర ఒకే కోరిక పెట్టు: ఆసుపత్రిలో ఒకే రకం సీసా, దానికి తగ్గ ఒకే రకం సిరంజి. దానికి పెద్ద ఖర్చు లేదు, పర్చేజ్ ఆర్డర్లో ఒక లైను మారుతుంది. ఆసుపత్రి నడిపే ఎండీలు (మేనేజింగ్ డైరెక్టర్లు) నీతికి కరగకపోయినా చవక పనికి ఒప్పుకుంటారు.

దీనివల్ల నీకు నష్టం ఉండదని నేను చెప్పలేను. కోత పడొచ్చు, మెమో రావచ్చు, కొన్నాళ్లు డ్యూటీలు కష్టంగా వేయొచ్చు. మంచి మనిషి కుర్చీలో ఉంటే పిలిచి కూర్చోబెట్టి మాట్లాడవచ్చు. నీ ఎండీ ఎలాంటివాడో నాకంటే నీకే బాగా తెలుసు.

ఒక హెచ్చరిక. పాత నోటును ఇప్పుడు కొట్టేయడం, దిద్దడం చేయకు. ఎవరు చెప్పినా చేయకు. రికార్డు సరిచేయాలంటే ఈ రోజు తేదీ వేసి, ఫలానా రోజు సంగతి ఆలస్యంగా రాస్తున్నానని చెప్పి, కొత్త ఎంట్రీగా రాయాలి. కేస్ షీటును ఫోన్లో ఫొటోలు తీసి బయట ఎవరికీ పంపకు, అది పేషెంటు సొంత సంగతి. నీకు గుర్తున్నది నీ పుస్తకంలో తేదీతో రాసి పెట్టుకో, అది చాలు.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైనది, ఆ ఇంటికి చెప్పడం.

కాళ్లు పట్టుకోవాలా అని అడిగావు. వద్దు. ఒంటరిగా ఆలూరు బస్సెక్కి వెళ్లి ఆ ఇంటి ముందు ఏడిస్తే నీ గుండె తేలికవుతుంది, ఆ బరువు వాళ్ల గుండెల మీద పడుతుంది. వాళ్లు నిన్ను ఓదార్చాలో తిట్టాలో తెలియని పరిస్థితిలో పడతారు. ఇక్కడ మనం తేల్చుకోవాల్సింది వాళ్లకు ఏం కావాలన్నది. ఏం జరిగిందో, ఇప్పుడు పెద్దాయన ఒంటికి ఏం చేయాలో, మళ్లీ ఎవరికీ జరగకుండా ఆసుపత్రి ఏం చేస్తోందో, ఈ మూడూ వాళ్లకు తెలియాలి. మొదటిది నువ్వు చెప్పగలవు. రెండోది ఫిజీషియన్ చెప్పాలి. మూడోది చెప్పాల్సింది మేనేజిమెంటు.

అందుకే నా మనసులో ఉన్న దారి ఫిజీషియన్ దగ్గర మొదలవుతుంది. ఆయనకు అసలు సంగతి తెలియదు, ఆ నోటు మోసపుచ్చినవాళ్లలో ఆయనా ఒకడు. ఓపీ అయిపోయాక రెండు నిమిషాలు అడుగు. "సార్, ఆ రోజు పేషెంటు పడిపోయింది తినక కాదు. వంద సీసాలోంచి ఎర్రమూతతో పదహారు లాగాను, నలభై పడింది. ఎనిమిదికి తగ్గించింది మీకు ఈ సంగతి తెలియక. వాళ్లను రమ్మన్నాను." అంతే చెప్పు. ఆయనకు కోపం రావచ్చు, రానీ. పెద్దాయన రివ్యూకి వచ్చినప్పుడు డోసు ఎందుకు మారుస్తున్నారో ఆయన ఏదో ఒకటి చెప్పాలి కదా. అక్కడే నిజం చెప్పడానికి చోటు దొరుకుతుంది. పక్కన నువ్వూ ఉండు. ఆయన ఒప్పుకోకపోతే, లేదా డోసు మాత్రం మార్చి మాట దాటేస్తే, అప్పుడు నువ్వొక్కదానివే చెప్పాలా వద్దా అన్నది మిగులుతుంది. దాన్ని నేను తేల్చను. చెప్పాలనే నా మనసుకు ఉంది. కానీ నీ జీతం మీద ఇద్దరు బతుకుతున్నారు, నా పెన్షను మీద ఎవరూ లేరు.

చెబితే ఏమవుతుంది? కొడుకు అరవొచ్చు. నలుగురిని వెంటబెట్టుకుని రావచ్చు. ఆసుపత్రుల మీద దాడులకు 2008 నుంచి మన రాష్ట్రంలో వేరే చట్టం ఉంది గానీ, చట్టం గుర్తొచ్చేలోపు అద్దాలు పగులుతాయి, అదీ నిజమే. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ప్రైవేటు వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అలాంటి కేసుల్లో సిబ్బంది తప్పుకు మామూలుగా జవాబు చెప్పాల్సింది ఆసుపత్రే. పోలీసు కేసు నీకు పెద్ద భయం. వైద్యంలో నిర్లక్ష్యాన్ని నేరంగా చూడాలంటే అది మామూలు పొరపాటు కాకుండా ఘోరమైన నిర్లక్ష్యం అయి ఉండాలని జేకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు అంది. నీ విషయంలో ఎలా ఉంటుందో లాయరే చెప్పాలి. ఒకటి మాత్రం నాకు అర్థమవుతున్నది చెబుతాను: సీసా చూడకపోవడం పొరపాటు, తినలేదని రాసి సంతకం పెట్టడం తెలిసి చేసిన పని. ఎప్పుడైనా ఎవరి ముందైనా నిలబడాల్సి వస్తే నిన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది రెండోదే. నువ్వే ముందు దాన్ని సరిచేస్తే ఆ బరువు తగ్గుతుంది.

ఇంకోటి కూడా జరగొచ్చు. వాళ్లు నెమ్మదిగా వినొచ్చు. ఇలా నిజం చెప్పిన చోట కోపం తగ్గిన ఇళ్లను నేను చూశాను, తగ్గని ఇళ్లనూ చూశాను.

ఇవన్నీ తేలేలోపు ఎవరి అనుమతీ అక్కర్లేని పనులు నీ వార్డులోనే ఉన్నాయి. ఎర్రమూతలు ఒక డబ్బాలో, నారింజవి ఇంకో డబ్బాలో పెట్టి, మీద పెద్ద అంకెలతో 40, 100 అని అంటించు. వార్డులోకి వచ్చే ప్రతి ఇన్సులిన్ సీసా అంకె బయటికి చదివాకే ట్రేలోకి వెళ్లాలి. బయట కొన్నదైతే మరీనూ. ఇన్సులిన్ పెన్ను కోసం వచ్చే కార్ట్రిడ్జిలోంచి సిరంజితో లాగే అలవాటు ఎవరికైనా ఉంటే మాన్పించు, అందులోనూ ఉండేది వందే. డాక్టర్లు ఇంగ్లీషులో "10 U" అని రాస్తే ఆ U సున్నాలా కనబడి వంద అవుతుంది, పూర్తిగా "యూనిట్లు" అని రాయమని అడుగు, విసుక్కున్నా అడుగు. ఇన్సులిన్ వేసేముందు సీసా, సిరంజి ఇంకో మనిషికి చూపించు. రాత్రి ఒక్కదానివే ఉంటే పక్క వార్డు సిస్టర్‌కైనా, డ్యూటీ డాక్టరుకైనా. అదే ట్రేలో డిస్టిల్డ్ వాటర్ పక్కన పొటాషియం క్లోరైడ్ ఆంపుల్ ఉందేమో చూడు. పది మిల్లీలీటర్లదే, చూపుకు నీళ్లలాగే ఉంటుంది, కలపకుండా నేరుగా నరంలోకి వెళ్తే గుండె ఆగుతుంది. అలాంటి గాఢమైన మందులను అదుపులో పెట్టడం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పిన తొమ్మిది జాగ్రత్తల్లో ఒకటి. మన దగ్గర ఇప్పటికీ కొన్ని ట్రేల్లో ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఆ జూనియర్‌కు "ఎందుకక్కా?" అన్నదానికి జవాబు బాకీ ఉన్నావు. నీ కథే చెప్పు. ఆ పిల్ల జీవితంలో మర్చిపోదు.

నీ నిద్ర గురించి. ఆల్బర్ట్ వూ అనే అమెరికా డాక్టరు 2000లో, తప్పు చేసిన వైద్య సిబ్బందిని "రెండో బాధితులు" అన్నాడు. నష్టపోయిన కుటుంబాల్లో కొందరికి ఆ మాట నచ్చదు, ఆ అయిష్టంలో న్యాయం ఉంది. అయినా నువ్వు తిండి మానేసి, కళ్లు మూస్తే సీసా కనబడుతూ డ్యూటీ చేస్తుంటే, దాన్నీ పట్టించుకోవాలి. నిద్రలేని నర్సు చేతిలో ఇంకో సీసా ఉంటుంది. టెలి మానస్ 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పేరు చెప్పాల్సిన పని లేదు.

బుడ్డల సంగతి అడిగావు. ఇప్పుడే తినకు, పారేయకు. పెద్దాయన రివ్యూకి వచ్చే రోజు సంచి వెంట తీసుకెళ్లు. సంగతి విన్నాక కోడలు తీసుకుంటే ఇచ్చెయ్యి. నువ్వే ఉంచుకో అంటే ఇంటికి తెచ్చి ఉప్పేసి ఉడకబెట్టుకో. పచ్చివైతే మాత్రం ఇప్పటికే బూజు పట్టి ఉంటాయి, ఒకసారి సంచి విప్పి చూడు.